మేనమామను కన్న ఒడి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున వాకిట్లో నీళ్లు చల్లి లోపలికి వస్తుండగా ఫోను మోగింది. కుప్పం నుంచి మా కోడలి అన్న. "అమ్మ పోయింది అత్తా" అన్నాడు.  ఎలా, ఎప్పుడు అని నేను అడగలేదు. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. కోడల్ని లేపే ముందు కాసేపు హాల్లో కుర్చీలో కూర్చున్నాను. పోయినామె ఎన్నడూ కూర్చోని కుర్చీ అది. వచ్చిన ప్రతిసారీ చూపించేదాన్ని. ప్రతిసారీ ఆమె నేల మీదే, గోడకు వీపు ఆనించి, వక్కాకు తిత్తి పక్కన పెట్టుకుని కూర్చునేది.

ఆమె నాకు వియ్యపురాలు, నా కొడుకు భార్యకు తల్లి. మదనపల్లెలో ఆమెను పేరుతో ఎరిగినవాళ్లు తక్కువ. మా మనవరాలి చెయ్యి పట్టుకుని, చెప్పులు లేకుండా బజారులో నడిచి వెళ్లే కుప్పం అవ్వగా మాత్రం చాలామందికి గుర్తుండవచ్చు.

కుప్పం వెళ్లి కార్యాలు ముగించుకుని వచ్చాక, పరామర్శకు వచ్చినవాళ్లు ఆమెను దేవత అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆమె మొండిమనిషి. అనుకున్నది జరిగేదాకా ఎదుటివాళ్లను నిద్రపోనిచ్చేది కాదు. చెప్పిన వేళకు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే వస్తానని ఎప్పుడూ చెప్పలేదు. ఇవన్నీ తీసేసి దేవతను చేస్తే మిగిలేది ఆమె కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా కొడుకూ కోడలూ ఇద్దరూ పంతుళ్లు. పెళ్లయిన కొత్తలోనే ఇథియోపియా దేశంలో ప్రభుత్వ బడుల్లో ఉద్యోగాలకు వెళ్లారు. ఆ రోజుల్లో మన వైపు నుంచి అలా వెళ్లిన పంతుళ్లు కొందరు ఉండేవాళ్లు. వీళ్లకు పిల్లలు కలగలేదు. వాళ్లున్న ఇంటి పక్కనే ఒక తల్లీ బిడ్డా ఉండేవారట. తల్లి జబ్బుచేసి పోయింది. బిడ్డకు వెనకా ముందూ ఎవరూ లేరు. మావాళ్లు మొదట పూట పూటా పిలిచి తిండి పెట్టారు, తర్వాత తమ ఇంట్లోనే పడుకోబెట్టుకున్నారు, చివరికి ఆ దేశపు చట్టం ప్రకారం దత్తత తీసుకున్నారు. తొంభైల మధ్యలో ఉద్యోగాలు ముగించుకుని మదనపల్లెకు తిరిగి వచ్చేటప్పటికి పాపకు అయిదేళ్లు.

వచ్చిన మొదటి వారమంతా పాప మంచం కింద ఉంది. మా కోడలు స్నానానికి వెళితే మాత్రం బయటికి వచ్చి స్నానాలగది తలుపుకు ఆనుకుని కూర్చునేది. అన్నం ముట్టలేదు. మెతుకులు వేళ్లకు అంటుకుంటే భయపడి గోడకు తుడిచేది. పాలు, అరటిపండు, బ్రెడ్డు తప్ప ఇంకేదీ లోపలికి పోలేదు. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. పిల్లలు వేళకు తింటే తక్కినవన్నీ వేళకు జరుగుతాయని నమ్మినదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. మధ్యాహ్నం పళ్లెం పెట్టుకుని మంచం ముందు కూర్చునేదాన్ని. ఆ పాప నన్ను చూసేది, నేను ఆ పాపను చూసేదాన్ని. పళ్లెం పెట్టింది పెట్టినట్టే వెనక్కి పోయేది. బిడ్డ మెడ ఎముకలు రోజురోజుకీ పైకి తేలుతున్నాయి. మా కోడలు వాటిని చూడలేక తల తిప్పుకునేది.

వీధిలోవాళ్లు పనులు కల్పించుకుని వచ్చారు. తోడు పెరుగు కావాలని ఒకరు, పంచాంగం చూడాలని ఒకరు. ఒకామె గుమ్మంలోనే నిలబడి, ఈ జుట్టు తడిస్తే ఏమవుతుంది పెద్దమ్మా అని అడిగింది. ఇంకో పెద్దమనిషి నా కొడుకుతో, మన జిల్లాలో అనాథ బిడ్డలు దొరకలేదా అన్నాడు. మావాడు లేచి ఆయన్ను గేటు దాకా సాగనంపి, గేటు వేసి వచ్చాడు.

అలాంటి ఒక పొద్దున, కుప్పం నుంచి వచ్చే మొదటి బస్సు దిగి ఆమె వచ్చింది. కాళ్లు కడుక్కుని, కూతుర్ని పలకరించి, నేరుగా ఆ గదిలోకి వెళ్లి మంచం ముందు నేల మీద పక్కకు తిరిగి పడుకుంది. పాపను పిలవలేదు, చెయ్యి చాపలేదు. వక్కాకు నములుతూ, మంచం కిందికి చూస్తూ ఊరి కబుర్లు మొదలుపెట్టింది. ఆవు ఈనిందట. పెయ్యదూడట. బస్సులో ఒకాయన కోడిని సంచిలో పెట్టుకుని ఎక్కితే అది పలమనేరులో బయటపడిందట. ఆ బిడ్డకు అందులో ఒక్క ముక్క కూడా అర్థం కాదని నేను గుమ్మంలోంచి అన్నాను.

"అర్థమయ్యేదానికా నేను సెప్తాండేది? ఈ గొంతు రోజూ ఈడ ఉంటాది అని తెలిస్తే సాలు వదినా" అంది, నా వైపు తిరక్కుండానే.

మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, బిడ్డ ఆ దేశంలో ఏం తినేదని కూతుర్ని అడిగింది. పుల్లటి రొట్టె అని మా కోడలు చెప్పింది, దోశలాగే ఉంటుంది, పళ్లెమంత వెడల్పు, మెత్తగా. అప్పుడు పెరటి గట్టు మీద, పులిసిపోయిందని నేను పారబోయడానికి పెట్టిన దోశ పిండి ఉంది. మా ఇంట్లో రెండో రోజుకు మిగిలిన పిండి వాడం. ఆమె ఆ గిన్నె లోపలికి తెచ్చి, అందులో రాగిపిండి కలిపి, పెనం మీద వెడల్పుగా పోసి, తిరగెయ్యకుండా ఒక పక్కే కాల్చింది. పళ్లెం నిండా పరిచి మంచం కిందికి తోసి మళ్లీ కబుర్లలో పడింది. చాలాసేపటికి మంచం కింద నుంచి చిన్న చెయ్యి వచ్చి ఒక ముక్క తుంచుకుంది. ఇంకో ముక్క. మా కోడలు వంటింట్లో స్టవ్ ఆపడం మరిచిపోయి గోడకు తల ఆనించి ఏడ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎప్పుడూ ఒక గిన్నె పిండి పులుస్తూనే ఉంది. ఆ వాసనకు అలవాటుపడ్డానని మాత్రం చెప్పను.

ఆ తర్వాత ఆమె నెలకోసారైనా వచ్చేది. నా దువ్వెనలు రెండు విరిచిన ఆ జుట్టును, ఆముదం పట్టించి, వేళ్లతోనే పాయలు విడదీసి అల్లేది. పాప ఆమె మోకాళ్ల మధ్య కూర్చుని మాటలు నేర్చుకుంది. నేను మంచి తెలుగు నేర్పాలని వాచకాలు తెప్పించి పెట్టాను. పిల్లకు వచ్చింది మాత్రం కుప్పం తెలుగు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర, "టమాటాలు ఇంత మెత్తగుండాయి యాలప్పా?" అని అడిగేసరికి బండి అతను తక్కెడ కింద పెట్టి నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు, ఏరి ఏరి గట్టివి ఇచ్చాడు.

చెవులు కుట్టించాలనే మాట నేను ఎత్తాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు బిడ్డ చెవులు మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టిస్తారు. కమ్మలు పెట్టడానికైతే ఎవరి ఒడైనా చాలు. అది, ఈ బిడ్డ నాకు మేనకోడలు అని నలుగురిలో మేనమామ ఒప్పుకునే తంతు. ఆ ఒప్పుకోలు జరిగితే బిడ్డకు తల్లి పుట్టిల్లు ఉన్నట్టు. జరగకపోతే, రేపు పెద్దమనిషి అయినా, పెళ్లయినా, అటు నుంచి రావలసిన మనిషి రాడు. పాపను ఊళ్లో అందరూ పరాయి బిడ్డగా చూస్తున్న రోజుల్లో ఈ ఒక్కటి సక్రమంగా జరిగితే ఎవరికీ నోరు లేవదని నా ఆలోచన.

కానీ ఒప్పుకోలులో ఇంకొకటి ఇమిడి ఉంది. మనలో మేనమామ కొడుక్కు మేనకోడల్ని చేసుకోవడం ఆనవాయితీ. చేసుకోవాలని ఎవరూ పట్టుబట్టరు, కానీ అడిగే హక్కు రెండు వైపులా ఉంటుంది. మా కోడలి అన్నకు ఒక్కడే కొడుకు, పాపకన్నా రెండేళ్లు పెద్ద. అతని భార్యకు అక్కడ భయం పుట్టింది. నెమ్మదైన మనిషే, నేనెరుగుదును. పిలవడానికి వెళ్లిన మా కోడలితో ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"ఈ పొద్దు ఒళ్లో కూకోబెట్టుకుంటే రేపు కోడలా అని పిలవాల. ఆ మాట ఎల్లుండి నా కొడుకు మెడకు సుట్టుకుంటాది. నాకు ఆ బిడ్డ మీద కోపం లేదు వదినా, భయముండాది."

మా ఇలవేల్పు గంగమ్మ గుడి పుంగనూరులో ఉంది. కుప్పం నుంచి మా ఊరికి వచ్చే దారిలోనే అది. అక్కడే పెట్టుకున్నాం. అన్న వస్తానన్నాడు, భార్యకు నచ్చజెబుతానన్నాడు. వియ్యపురాలు ముందు రోజే మా దగ్గరికి వచ్చేసింది. ఆ పొద్దున బంధువులు చేరారు, కంసాలి ఆచారి సూదులు, బంగారు తీగ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు, పాప కొత్త పరికిణీలో బిగుసుకుని నిలబడింది. మంచి ఘడియ పదిన్నర దాకా ఉంది. తొమ్మిదిన్నర అయింది. మేనమామ జాడ లేదు. బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. మా కోడలు గుడి వాకిలి వైపు చూడడం మానేసి పాప జడలు మళ్లీ మళ్లీ సర్దుతోంది.

ఇంతలో ఎవరో వచ్చి, కుప్పం ఆయన బస్టాండు ఎదుట టీ అంగట్లో కూర్చుని ఉన్నాడని చెప్పారు. నా కొడుకు పరుగెత్తాడు. ఒక్కడే తిరిగి వచ్చాడు. పాపను ఒడిలో కూర్చోబెట్టుకోనని భార్య తమ కొడుకు మీద ఒట్టు పెట్టించుకుందట. అతను పుంగనూరు దాకా వచ్చాడు, గుడి దాకా రాలేకపోయాడు, వెనక్కీ పోలేకపోయాడు.

ఇంకో ముహూర్తం చూద్దాం వదినా అని నేనన్నాను. అదే పద్ధతి అనిపించింది. ఆమె లేచింది. గుడి వెనక్కి వెళ్లి వక్కాకు ఉమ్మి, నోరు పుక్కిలించి, కొంగు నడుముకు దోపుకుని వచ్చి, మేనమామ కోసం వేసిన పీట మీద కూర్చుంది. పాపను ఒడిలోకి లాక్కుంది.

మా వైపు పెద్దాయన ఒకరు లేచారు. మొగుడు లేని ఆడమనిషి ఆ పీట మీద కూర్చోరాదన్నారు. పైగా కావలసింది మేనమామ ఒడి అన్నారు. ఆయన గట్టిగానే అన్నారు, గుడంతా వినబడింది.

"ఇది మేనమామను కన్న ఒడి" అంది ఆమె. "సాలదా సామీ?"

 ఆచారి నా వైపు చూశాడు. కార్యం మాది కాబట్టి సరేననవలసింది నేను. తల ఊపాను. మొదటి చెవికి పాప ఏడవలేదు. రెండో చెవికి ఆమె మెడను రెండు చేతులా చుట్టుకుని, అవ్వా, అవ్వా అని గుడి కప్పు లేచిపోయేలా ఏడ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు ముందు అతను ఇంకా అక్కడే ఉన్నాడు. తల్లిని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె మేనమామకు ఇవ్వాల్సిన తాంబూలం సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"నలుగురిలో నా తల వంచినావే అమ్మా" అన్నాడు.

"నువ్వు రానందుకు వంగింది నాయనా. నేను కూకున్నందుకు కాదు."

ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు తల్లితో చాలాకాలం మాట్లాడలేదు. ఆమె ఆవుల పని ఆమె చేసుకునేది, కోడలు పెట్టింది తినేది, వసారాలో పడుకునేది. మాకెవరికీ ఈ సంగతి చెప్పలేదు. కుప్పం నుంచి వచ్చినవాళ్లు చెబితే తెలిసింది. నేను అడిగితే, "వాడు మాట్లాడకపోతే ఏం, నేను మాట్లాడతాండా గదా. వాడి సెవులు బాగానే ఉండాయి" అంది.

బడికి సెలవులివ్వగానే ఆమె దిగేది, పాపను కుప్పం తీసుకుపోతానని. మొదటిసారి నేను ఒప్పుకోలేదు. పిలవని ఇంటికి బిడ్డను పంపనన్నాను. నా మాట తప్పని నేనిప్పటికీ అనుకోను. ఆమె మా మెట్ల మీద కూర్చుని చీర కుచ్చిళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంటూ, "అది వాడి ఇల్లే కాదు వదినా, నా ఇల్లు గూడా. నేను పిలస్తాండా" అంది. ఆ రోజు మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ వెళ్లారు. పాప కిటికీ పక్కన కూర్చుని నాకు చెయ్యి ఊపింది. నా ప్రాణం కుదురుగా లేదు. అక్కడ ఎవరు ఏ మాట అంటారో, బిడ్డ ఏ మూల నిలబడి వింటుందో అని సెలవులన్నాళ్లూ ఎదురుచూపే.

మా కోడలి అన్న పట్టుపురుగులు పెంచుతాడు. ఇంటి పక్కనే షెడ్డు. ఆ పని ఎరిగినవాళ్లకు తెలుసు, పురుగులు పసిపిల్లలకన్నా సున్నితం. షెడ్డులోకి అడుగు పెట్టాలంటే కాళ్లూ చేతులూ కడుక్కోవాలి, గట్టిగా మాట్లాడకూడదు, ఎవర్ని పడితే వాళ్లను రానివ్వకూడదు. పాపకు మాత్రం అసలు ప్రవేశం లేదు. అతని భార్య నోటితో వద్దనలేదు, పాప వస్తే తలుపు దగ్గరికి వేసేది. పాప తలుపు బయట నిలబడి లోపల పురుగులు ఆకు నమిలే చప్పుడు వినేది. వాన పడినట్టుంటాది జేజీ అని నాకు వచ్చి చెప్పేది.

పాప నాలుగో తరగతి ముగిసిన వేసవిలో, సెలవుల చివర పాపను తీసుకురావడానికి నేనే వెళ్లాను. నేను వెళ్లేసరికి ఆ ఇల్లు చావింటిలా ఉంది. పురుగు చర్మం మార్చుకునే నిద్రను ఆ ఊళ్లో జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటి, గూళ్లు కట్టే దశకు వచ్చిన పురుగులు తట్టల్లోనే మెత్తబడి నల్లబడుతున్నాయి. వాసన వీధి దాకా కొడుతోంది. పంట మొత్తం పోయినట్టే. అంతకు మూడు రోజుల ముందు వియ్యపురాలు పాపను చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లి, పురుగుల్ని ఒక్కసారి దగ్గరగా చూపించిందట.

మేనమామ భార్య చచ్చిన పురుగుల తట్ట తెచ్చి వాకిట్లో బోర్లించింది. పనివాళ్లు నలుగురున్నారు, నేనున్నాను, పాప గోడ పక్కన నిలబడి ఉంది.

"ఆ పిల్లను లోపలికి పోనీయద్దంటే ఎవురన్నా విన్నారా? మా కష్టానికంతా దిష్టి తగిలింది. ఇంగ మేము తినేది మట్టే" అంది.

పాపకు తొమ్మిదేళ్లు. ప్రతి మాటా అర్థమవుతుంది, ఎందుకంటే అది వాళ్లు నేర్పిన తెలుగే. గోడలోకి దూరిపోవాలన్నట్టు వెనక్కి వెనక్కి జరిగింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. సంచి తీసుకో, వెళదాం అన్నాను. ఇక ఈ గడప తొక్కేది లేదని మనసులో తీర్మానించుకున్నాను.

"ఉండు వదినా" అంది మా వియ్యపురాలు. వంగి ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది. షెడ్డు గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్న కొడుకు ముందుకు వెళ్లి ఆ చెయ్యి చాపింది. అప్పటికి అతను ఆమెతో మాట్లాడి మూడేళ్లయింది.

"సూడు నాయనా. దీనికి మనిషి రంగు తెలుస్తాదా? ఆకు తడి తెలుస్తాది. మొన్న వాన నిలిచినంక ఆకు కోసింది ఎవురు?"

అతను తలెత్తలేదు. భార్య అతన్నే చూస్తోంది. పనివాళ్లు కదలడం మానేశారు.  అతను నోరు విప్పకపోతే, ఆ మాట ఆ బిడ్డ నెత్తి మీద జన్మంతా ఉండిపోయేది. కుప్పంలోనే కాదు, ఆ పనివాళ్లు వెళ్లిన ప్రతి ఊళ్లోనూ.

"నేనే కోసినా" అన్నాడు చివరికి. "పురుగు ఆకలి మీద ఉండాదని తొందరపడినా. ఆరబెట్టకుండా తడాకే ఏసినా. పాప తప్పేం లేదు."

తర్వాత లేచి, బోర్లించిన తట్ట తనే ఎత్తి, పురుగుల్ని గుంటలో వెయ్యడానికి తీసుకెళ్లాడు. వియ్యపురాలు చెయ్యి కడుక్కుని వచ్చి పాప ముఖం తడికొంగుతో తుడిచింది. మేనమామ భార్య ఆ రోజు మళ్లీ చెడ్డమాట అనలేదు. మంచిమాటా అనలేదు. తల్లీకొడుకుల మధ్య మాటలు మాత్రం ఆ రోజే మొదలయ్యాయి, పంట గుంటలో పోసిన రోజున.

బస్సులో పాప నన్ను అడిగింది, మామ నా పక్క మాట్లాడినాడు కదా, ఇంక నన్ను మేనకోడలు అంటాడా అని. నిజం చెప్పడం అలవాటు కాబట్టి, తెలియదన్నాను. ఆ తర్వాత కూడా అతను పాపా అనే పిలిచేవాడు. మేనమామ మేనకోడల్ని పిలిచే పిలుపు వేరు. అది ఆ పిల్లకు తెలుసు, మాకందరికీ తెలుసు.

పోయిన ఏడాది పాప పెద్దమనిషి అయింది. మా పద్ధతిలో మేనమామ పచ్చి కొబ్బరి మట్టలు తెచ్చి, వాకిట్లో గుడిసె కట్టాలి. బిడ్డను అందులో కూర్చోబెడతారు. అది కట్టేదాకా బిడ్డ ఇంట్లో ఒక మూల చాప మీద ఉండాలి. కబురు పంపాం. అన్న ఫోనులో, సరే సూస్తాం అన్నాడు. ఆ మాట పుంగనూరుకు ముందు కూడా విన్నదే. మర్నాడు నేను వియ్యపురాలితో మాట్లాడాను. ఆ రోజు పీట మీద కూర్చున్నట్టే నువ్వే వచ్చి నాలుగు మట్టలు నిలబెట్టు, ఎవరు కాదంటారో చూస్తానన్నాను.

"రాను వదినా" అంది.

నాకు కోపం వచ్చింది. బిడ్డను మూలన కూర్చోబెట్టి పంతాలేమిటి అన్నాను. బడికి సెలవు పెట్టి కూర్చున్న నీ కూతురు అన్నం తినకుండా ఉంది అన్నాను. ఆమె అంతా విన్నది. ఊపిరి బరువుగా వినబడుతోంది.

"ఆ పొద్దు వాడి బదులు నేను కూకున్నా. ఈ పొద్దు గూడా నేనే మట్టలు తెస్తే, వాడు జన్మంతా ఆ టీ అంగట్లోనే కూకోనుంటాడు. బిడ్డకు అవ్వ ఉండాది వదినా. నేనెన్నాళ్లుంటా? మామ కావాల." ఫోను పెట్టేసింది.

ఒకరోజు గడిచింది. వీధి ఆడవాళ్లు వచ్చి బిడ్డను చూసి, ఖాళీ వాకిలి చూసి, గుడిసె ఎప్పుడని అడిగి వెళ్లారు. ఎవరు కట్టినా ఒకటే, మట్టలు ఇక్కడే తెప్పిద్దామని నా కొడుకు అన్నాడు. అతను చెప్పిందీ సబబే. రేపు సాయంత్రం దాకా ఆగుదామన్నాను. పాప చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. మామ రాకపోతే ఏమవుతుంది జేజీ అని అడిగింది. ఏమీ కాదు, బడికి వెళతావు, చదువుకుంటావు అన్నాను. తల ఊపింది. నేను వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక వీధిలో ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఒక టెంపో, దాని మీద పచ్చి కొబ్బరి మట్టలు ఎత్తుగా కట్టి ఉన్నాయి. వెనక వేలాడే ఆకుల కొసలు వీధి దుమ్మునంతా ఊడ్చుకుంటూ వస్తున్నాయి. మేనమామ మట్టల మీద కూర్చుని ఉన్నాడు. ముందు సీట్లో డ్రైవరు పక్కన మా వియ్యపురాలు. అతని భార్య రాలేదు. గాజులు, పసుపు కుంకుమ, చీర మాత్రం మూట కట్టి పంపింది.

అతను మట్టలు దించి, గుంజలు పాతి, గుడిసె మొదలుపెట్టాడు. ఒక్కడి పని కాదది. ఒక పక్క కడుతుంటే ఇంకో పక్క ఒరిగిపోతోంది. నా కొడుకు సాయం పోబోతే వద్దన్నాడు. చివరికి, ఈ మూల ఒక్కటి పట్టుకో అమ్మా అని తల్లిని అడిగాడు. ఆమె వాకిట్లో వేపచెట్టు నీడన నేల మీద కూర్చుని ఉంది.

"నా సేతులు నొస్తాండాయి నాయనా" అంది.

అతను మోకాలితో మట్టను నొక్కిపట్టి, పళ్లతో తాడు లాగి ముడి వేశాడు. గుడిసె కొంచెం వంకరగానే నిలబడింది. చెమట తుడుచుకుని, ఇంటి గుమ్మం దాకా వచ్చి, లోపల మూలన ఉన్న బిడ్డను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. రెండోసారి కూడా సవరించుకున్నాడు.

"కోడలా" అన్నాడు. "లెయ్యమ్మా, రా. గుడిసె కట్టినా."

మా కోడలు నా భుజం పట్టుకుంది. పాప లేచి వచ్చింది. నలుగురు ముత్తైదువలు ముందుకు వచ్చారు, హారతి వెలిగించారు, అతనే చెయ్యి పట్టుకుని బిడ్డను గుడిసెలోకి నడిపించాడు. వాకిలంతా జనం, పాటలు.

నేను ఆమె కోసం చూశాను. ఆమె గుడిసె వైపు తిరిగి లేదు. వేపచెట్టు కింద అలాగే కూర్చుని, రాలిపడిన కొబ్బరి ఆకులు ఒక్కొక్కటే తీసుకుని, బొటనవేలి గోరుతో చీల్చి చీపురుకు ఈనెలు తీస్తోంది. తీసిన ఈనెల్ని పక్కన వరసగా పేరుస్తోంది. వక్కాకు నములుతున్న దవడ ఒకే తీరుగా కదులుతోంది. గోరు పచ్చగా మారింది. పాటలు అయిపోయేదాకా ఆమె తలెత్తలేదు.